సీటు వెనక ఇల్లు

ఏటా వానలు మొదలయ్యాక ఇంజనీరింగ్ సీట్లు కేటాయించే రోజు ఒకటి వస్తుంది. ఆ రోజు చేవెళ్ల బస్టాండు దగ్గరి నెట్ సెంటర్ల ముందు ఒకటే సందడి. వివరాలన్నీ ఫోన్లోనే కనిపిస్తున్నా, కాగితం ప్రింటు తీయించుకుంటేనే సీటు వచ్చినట్టు అనిపిస్తుంది చాలామందికి. పిల్లకంటే ముందు తండ్రి చెయ్యి చాపి అందుకుంటాడు. చదువు రాకపోయినా పైనుంచి కిందిదాకా ఒకసారి చూస్తాడు. ఆ తర్వాతే "ఏం రాసిండ్రు బిడ్డా?" అని కూతురి చేతికిస్తాడు.

ఆ కాగితం మీద ఎక్కువేమీ ఉండదు. పేరు, హాల్ టికెట్ నంబరు, ర్యాంకు, కాలేజీ, బ్రాంచి, కట్టాల్సిన ఫీజు. వాటి మధ్యలోనే ఒక సంకేతం. ఏ కేటగిరీ, అమ్మాయిల సీటా జనరలా, ఏ ప్రాంతం కింద వచ్చింది, అన్నీ కలిపి ఒకే ముక్కగా రాస్తారు. పక్కన నిలబడ్డ పెద్దాయన చూపు ముందు అక్కడికే పోతుంది. ఆయన చెడ్డవాడేమీ కాదు, పదిమంది మంచీ కోరేవాడే. "ఓ, కోటాల వచ్చిందా" అంటాడు. అనాలని కూడా అనడు, నోటికి అలా వచ్చేస్తుంది. ఆ పిల్ల మాత్రం కాగితం మడిచి సంచీలో పెట్టేసుకుంటుంది. అప్పటిదాకా మొహంలో ఉన్న వెలుగు సగం తగ్గిపోతుంది.

ఆ మాట అన్న పెద్దాయన తప్పు ఎంచాలని కాదు. ఆ పిల్ల గురించి అనుకుంటూ ఉండిపోవడం మాత్రం నాకు అలవాటైంది. ఎన్ని రాత్రుళ్లు మేలుకుంటే ఆ ర్యాంకు వచ్చింది? ఆ రాత్రుళ్లన్నీ ఒక్క మాటలో ఎటు పోయాయి?

చేవెళ్ల, మోయినాబాద్ వైపు నేల కూరగాయలకు, పూలకు పేరు. టమాట, క్యారెట్, గులాబీ, బంతి, చామంతి. కోసిన పూలు తెల్లారకముందే గుడిమల్కాపూర్ మార్కెట్టుకు చేరాలి. పొద్దెక్కితే ధర పోతుంది, పూలూ వాడిపోతాయి. కాబట్టి ఆ ఇళ్లలో మూడింటికే లైటు వెలుగుతుంది. గంపలు సర్దడం, ఆటోలో ఎక్కించడం, లెక్క రాసుకోవడం. లెక్క రాసేది సాధారణంగా ఇంటర్ చదివే పిల్లో పిల్లాడో, ఎందుకంటే ఇంట్లో అంకెలు వచ్చింది వాళ్లకే. ఆటో వెళ్లాక మళ్లీ పడుకుంటే లేవలేమని పుస్తకం తీస్తారు. చదివేది ఎంసెట్ కోసం. ఆ ప్రవేశ పరీక్ష పేరు ఈఏపీసెట్ అయినా ఊళ్లలో ఇంకా ఎంసెట్ అనే అంటారు. 160 ప్రశ్నలు, మూడు గంటలు. ర్యాంకు ఆ మూడు గంటలకు ఇస్తారు. ఆ ముందు గడిచిన తెల్లవారుజాములు దేని కిందా జమ కావు.

మోయినాబాద్ సంగతి ఇంకాస్త వేరు. అజీజ్‌నగర్, హిమాయత్‌నగర్, చిలుకూరు, యెంకేపల్లి చుట్టుపక్కల ఒకప్పుడు చేలు ఉన్నచోట ఇంజనీరింగ్, మెడికల్ కాలేజీలు లేచాయి. నగరం నుంచి పసుపు పచ్చ బస్సులు రావడం, సాయంత్రం పిల్లల్ని ఎక్కించుకుని పోవడం ఈ ఊళ్లవాళ్లు చాలా ఏళ్లుగా చూస్తున్నారు. కాలేజీ ఇంటి ఎదురుగా ఉండడం వేరు, ఇంట్లోంచి ఒకరు అందులోకి వెళ్లడం వేరు. ఆ రెండింటి మధ్య ఒక రోడ్డు అడ్డం ఉంటుంది అంతే. దాన్ని దాటడానికి కొన్ని ఇళ్లకు ఒక తరం పట్టింది.

ఇంజనీరింగ్ మొదటి ఏడాదిలో చేరిన ఒక అమ్మాయిని, "మీ ఇంట్లో నీకంటే ముందు కాలేజీకి ఎవరన్నా పోయిండ్రా అమ్మా?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, "మా నాయనమ్మ పోయింది. గీ కాలేజీ కట్టేటప్పుడు ఇసుక మోసింది" అంది. నవ్వుతూనే అంది. అందులో బాధ లేదు, గొప్ప చెప్పుకోవడమూ లేదు. ఉన్న సంగతి చెప్పింది. ఏ ల్యాబు పక్క గోడకు తమ నాయనమ్మ ఇసుక మోసిందో కూడా ఆ పిల్లకు తెలుసు. అది పని చేసిన ఇంటివాళ్లకే తెలిసే గుర్తు.

ఇలాంటివి విన్నప్పుడు ఈ ప్రాంతం పెద్దమనిషి ఒకరు గుర్తొస్తారు. కొండా వెంకట రంగారెడ్డి గారిది మోయినాబాద్ దగ్గరి పెద్దమంగళారం. 1890లో పుట్టారు. వకీలుగా పేరు తెచ్చుకుని, తర్వాత ఆంధ్రప్రదేశ్ ఉప ముఖ్యమంత్రి అయ్యారు. 1978లో ఏర్పడ్డ జిల్లాకు ఆయన పేరే పెట్టారు. 1956 ఫిబ్రవరిలో తెలంగాణను ఆంధ్రతో కలిపే ముందు పెద్దమనుషుల ఒప్పందం మీద సంతకం చేసిన తెలంగాణ నాయకుల్లో ఆయన ఒకరు. ఆ ఒప్పందంలో ఉద్యోగాలు, భూములు, పదవుల గురించి అందరం చెప్పుకుంటాం. కాలేజీ సీట్ల గురించి కూడా ఒక అంశం ఉంది. ఇక్కడి కాలేజీల్లో, సాంకేతిక విద్యతో సహా, సీట్లు ఇక్కడి పిల్లలకే ఉండాలి. లేదంటే రాష్ట్రం మొత్తం సీట్లలో మూడో వంతు వాళ్లకివ్వాలి. రెండింట్లో ఏది మేలైతే అది.

ఎందుకలా అడిగారో ఇక్కడివాళ్లకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. అవతల మద్రాసు రాష్ట్రంలో ఇంగ్లీషు చదువు ఎప్పటినుంచో ఉంది. ఇక్కడ నిజాం రాజ్యంలో బడులే తక్కువ. 1918లో వచ్చిన ఉస్మానియాలో బోధన ఉర్దూలో. ఇంట్లో తెలుగు మాట్లాడే పల్లెటూరి పిల్లాడికి విశ్వవిద్యాలయం గడప రెండు మెట్లు ఎత్తులో ఉండేది. ఒకే పరీక్ష పెట్టి ఒకే వరసలో నిలబెడితే మన పిల్లలు వెనకబడతారని పెద్దలు భయపడ్డారు. 1969లో విద్యార్థులు రోడ్డెక్కడానికి ఆ హామీలు నిలవలేదన్న బాధ ఒక కారణం. ఆరు సూత్రాల పథకం తర్వాత 1974లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. సీట్లలో 85 శాతం స్థానికులకు కేటాయించారు.

ఆ 85 శాతంలో చదువుకున్న తరాలు మన ఇళ్లల్లోనే ఉన్నాయి. డాక్టర్లయ్యారు, ఇంజనీర్లయ్యారు, మనకు వైద్యం చేస్తున్నారు, వంతెనలు కట్టారు. వాళ్లను చూసి "కోటాలో వచ్చినోళ్లు" అని మనం ఎప్పుడన్నా అనుకున్నామా? అనుకోలేదు. మన పిల్లలు ఆలస్యంగా బయల్దేరారు, కాస్త దారి ఇవ్వడం న్యాయం అనుకున్నాం. ఎవరి సంగతో అయితే లెక్కలు వేస్తాం గానీ, మన ఇంటి సంగతైతే చెప్పకముందే అర్థమవుతుంది. ఇది మనుషులందరికీ ఉన్నదే.

ఇదే మాటను ఇంకా లోపలికి వెళ్లి అడిగినవాళ్లూ ఉన్నారు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన మాదిగ దండోరా ఉద్యమం అడిగింది ఇదే: దళితుల్లోనూ కొన్ని ఇళ్లు ఇంకా ఆలస్యంగా బయల్దేరాయి, మా వాటా మాకు విడిగా చూపించండి అని. మూడు దశాబ్దాలకు, 2025 ఏప్రిల్ 14న, తెలంగాణలో ఎస్సీ వర్గీకరణ అమల్లోకి వచ్చింది. చేవెళ్ల ఎస్సీ నియోజకవర్గం కూడా. ఇక్కడి వాడల్లో దాన్ని సంబరంగా చెప్పుకున్న ఇళ్లు ఉన్నాయి, దిగులుగా చెప్పుకున్న ఇళ్లూ ఉన్నాయి. రెండు ఇళ్ల మధ్యా గోడ ఒక్కటే. పండగ రోజు వంటలు గోడ మీదుగా ఇచ్చి పుచ్చుకునేవాళ్లే.

సీటు రానివాళ్ల గురించి కూడా చెప్పాలి. ఆ బాధను తేలిగ్గా తీసేయడం నాకు చేతకాదు.

ఇద్దరు పిల్లలు నాకు తెలుసు. పదో తరగతి నుంచి ఇంటర్ దాకా ఒకే బెంచీ. ఒకడిది రెండెకరాల రైతు కుటుంబం, ఓసీ. ఇంకొకడి తల్లి కూరగాయల మండీలో కూలి, తండ్రి లేడు. ఒకే గైడు ఇద్దరూ చదివారు. పగలు ఒకడి దగ్గర, రాత్రి ఇంకొకడి దగ్గర ఉండేది. రైతు కొడుకుకు ర్యాంకు మెరుగ్గా వచ్చింది. కానీ ఇద్దరూ ఆశపడ్డ గండిపేట వైపు కాలేజీలో సీటు వచ్చింది రెండోవాడికి. ఆ సాయంత్రం నుంచి ఇద్దరి మధ్య మాటల్లేవు. ఒకడికి కోపమని చెప్పడానికి మొహమాటం. ఇంకొకడికి సంతోషమని చెప్పడానికి మొహమాటం.

పదిహేడేళ్లవాళ్లు. ఇద్దరూ ఎవరికీ ఏ అన్యాయమూ చేయలేదు. వందల ఏళ్ల లెక్కను వాళ్లిద్దరూ ఒక బెంచీ మీద కూర్చుని తేల్చుకోవాల్సి రావడం చూస్తే కడుపులో దేవినట్టుంటుంది. రైతు కొడుకు రాత్రి అన్నం తినకుండా పడుకుంటే, వాళ్ల తాత పక్కన కూర్చుని చాలాసేపు ఏమీ అనలేదట. తర్వాత అన్నాడట: "మా నాయిన మన అరుగు మీద బడి పెట్టిచ్చిండు. గా పిలగాని తాత అరుగు దిగువ నిలబడి ఇన్నడు. నాకు యాదికున్నది." మనవడు జవాబు చెప్పలేదు. చెప్పాలని తాతా అడగలేదు. ఆ మాటతో పిల్లాడి బాధ తీరిపోయిందని నేననను. తీరలేదు కూడా. మోయినాబాద్ కాలేజీలో చేరాడు, దసరా సెలవుల దాకా ఆ స్నేహితుడితో సరిగ్గా మాట్లాడలేదు. కానీ ఆ తాత ఆ రాత్రి మనవడిని తప్పు పట్టలేదు, మనవడి స్నేహితుడినీ తప్పు పట్టనివ్వలేదు. ఇంట్లో పెద్ద అనేవాళ్లు చేయాల్సిన పని అదే అనిపిస్తుంది నాకు.

ఈ బాధా, ఈ వాదనా మొన్నటివి కావు. 1951లో మద్రాసు రాష్ట్రంలో కాలేజీ సీట్లను ప్రతి 14కీ ఇంతని కులాలవారీగా పంచే ఉత్తర్వు మీద చంపకం దొరైరాజన్ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ రాష్ట్రంలోవే. కోర్టు ఉత్తర్వును కొట్టేసింది. వెనకబడిన వర్గాలకు ప్రత్యేక ఏర్పాట్లు చేసుకోవచ్చని చెప్పే 15(4)ను కొన్ని వారాల్లోనే రాజ్యాంగంలో చేర్చారు. రాజ్యాంగానికి అది మొట్టమొదటి సవరణ. అంటే మన గణతంత్రం అడుగులు నేర్చుకుంటున్నప్పుడే ఈ ప్రశ్న ఇంటి ముందుకు వచ్చి కూర్చుంది.

కేటగిరీ ఎవరూ అడగని చోటు కూడా ఒకటి ఇక్కడే ఉంది. చిలుకూరు బాలాజీ గుడి మోయినాబాద్ మండలంలోనిదే. వీసా బాలాజీ అని పేరు పడ్డాక విదేశీ చదువులకు వెళ్లే పిల్లలు పాస్‌పోర్టులు పట్టుకుని వస్తారు. మొక్కుకోవడానికి 11 ప్రదక్షిణలు, కోరిక తీరాక 108. హుండీ లేదు. పెద్దవాళ్లకో దారి, పేదవాళ్లకో దారి అనీ లేదు. కాగితం మీద అంకెలు కొట్టేసుకుంటూ అందరూ ఒకే వలయంలో తిరుగుతారు. ఆ గుంపులో ఎవరి ర్యాంకు ఎంతో, ఎవరి కేటగిరీ ఏదో పక్కవాళ్లకు పట్టదు. తొక్కిసలాటలో చెయ్యి పట్టుకుని ముందుకు నడిపించేవాళ్లూ ఉంటారు.

ఆ గుడి అర్చకులు రంగరాజన్ గారు 2018 ఏప్రిల్‌లో హైదరాబాద్ జియాగూడ రంగనాథస్వామి ఆలయంలోకి ఒక దళిత భక్తుణ్ని భుజాల మీద ఎక్కించుకుని తీసుకెళ్లారు. శ్రీరంగంలో తిరుప్పాణాళ్వారును లోకసారంగ ముని మోసుకెళ్లిన కథను మునివాహన సేవగా మళ్లీ జరిపించారు. లోపలికి రావడానికి ఒకరి భుజం ఆసరా అయినందుకు ఆ భక్తుడి భక్తి తగ్గిందని ఎవరూ అనలేదు. ఆళ్వారు సంగతి సరేసరి. ఆయన పన్నిద్దరు ఆళ్వార్లలో ఒకరు, ఇంకా పూజలు అందుకుంటున్నారు.

చిలుకూరులో మొక్కుకుని అమెరికా వెళ్లిన మన పిల్లలకు అక్కడ పిల్లలు పుట్టారు. వాళ్లిప్పుడు కాలేజీ వయసుకొచ్చారు. అక్కడి ఫారంలో ఓసీ లేదు, బీసీ లేదు, ఏ, బీ, సీ, డీ గ్రూపులు లేవు. "ఏషియన్" అని ఒక్క గడి. మన రైతు మనవరాలూ, చైనా నుంచి వచ్చిన డాక్టరు కొడుకూ, వియత్నాం నుంచి కాందిశీకులుగా వచ్చినవాళ్ల బిడ్డా అందరూ అందులోనే. హార్వర్డ్ మీద 2014లో వేసిన కేసు విచారణలో ఒక సంగతి బయటికొచ్చింది. ఏషియన్ విద్యార్థులకు చదువులో మంచి మార్కులున్నా, వ్యక్తిత్వానికి ఇచ్చే రేటింగు సగటున తక్కువ పడుతోందని. అందులో కావాలని చేసిన వివక్ష లేదని కింది కోర్టులు అన్నాయి. అయినా న్యూజెర్సీలో, డల్లాస్‌లో మన తల్లిదండ్రులు చాలామంది అది చదివి నొచ్చుకున్నారు. మా బిడ్డను చూడకుండానే బిడ్డ ఎలాంటిదో అనుకున్నారు అని.

2023 జూన్ 29న అమెరికా సుప్రీంకోర్టు కాలేజీ ప్రవేశాల్లో జాతిని లెక్కలోకి తీసుకోవడం చెల్లదని తీర్పు చెప్పింది. మనవాళ్లలో సంతోషించినవారున్నారు. నల్లజాతి పిల్లల ముందు తలుపు మళ్లీ సగం మూసుకుందని దిగులుపడ్డవారూ ఉన్నారు. ఒకే ఇంట్లో తండ్రీ కూతుళ్లు రెండు వైపులా ఉన్నారు. అదే ఏడాది ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధించింది. ఫారంలో కులం గడి లేకపోయినా, సముద్రం దాటేటప్పుడు కులం సామానుతో పాటే వెళ్లిందని అక్కడివాళ్లే గుర్తించారన్నమాట.

చూడండి, ఈ ప్రాంతంలోని ఒకే కుటుంబం ఎన్ని వరసల్లో నిలబడిందో. 1956లో తాత వెనకబడిన ప్రాంతం బిడ్డ. కౌన్సెలింగులో మనవడు ఓసీ. డల్లాస్‌లో ముని మనవరాలు ఏషియన్. ఒకచోట చెయ్యి అందుకున్నారు, ఒకచోట చెయ్యి జారింది, ఒకచోట చూడకుండానే లెక్కలో వేశారు. రెండు వైపులా నిలబడి చూసినవాళ్లకు ఎదుటివాళ్ల ఉక్కపోత తెలియకుండా ఎలా ఉంటుంది? తెలిసే ఉంటుందని నా నమ్మకం. సీటు కాగితం చేతికొచ్చిన ఆ ఒక్క గంట మాత్రం గుర్తురాదు.

ఆ అమెరికా తీర్పులో ఒక వాక్యాన్ని నేను పట్టుకున్నాను. జాతి తన బతుకును ఎలా మలిచిందో విద్యార్థి తన వ్యాసంలో రాసుకోవచ్చని, కాలేజీలు దాన్ని చదవొచ్చని ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ రాశారు. అక్కడి పిల్లలు దరఖాస్తుతో పాటు తమ గురించి ఒక వ్యాసం పంపాలి. దానికోసం ఒక పిల్లాడు చేవెళ్ల దగ్గరి ఊళ్లో ఉన్న నానమ్మకు వీడియో కాల్ చేసి, "మన ఇల్లు ముందు ఎట్లుండె?" అని అడిగాడట. ఆమె గంటకు పైగా చెప్పింది. ఎండిన బావి, తీసుకున్న అప్పు, తాకట్టు పెట్టిన పుస్తెలు, మొదటిసారి హైదరాబాద్ బస్సెక్కిన రోజు. "ఇన్నేండ్లల్ల గివన్నీ ఎవ్వలు అడగలే" అందట చివర్లో.

మన దగ్గర అలాంటి వ్యాసం అడగరు. కులం సర్టిఫికెట్ మీసేవలో తీసుకుంటే చాలు. లక్షల మందిలో అదే వీలు, ఆ సంగతి ఒప్పుకోవాల్సిందే. కానీ సీటు వచ్చాక, క్లాసులో కూర్చున్నాక అడగడానికి ఎవరు అడ్డం? మోయినాబాద్ వైపు కాలేజీలో పాఠాలు చెప్పే స్నేహితుడొకాయన మొదటి వారంలో ఒక పేజీ రాయిస్తాడు. మీ ఇంటి గురించి, మీరిక్కడి దాకా ఎట్లా వచ్చారో రాయండి అంటాడు. మార్కులు లేవు, కులం రాయక్కర్లేదు, తెలుగైనా ఇంగ్లీషైనా ఫరవాలేదు.

ఆయన చెప్పినవి కొన్ని విన్నాను. తల్లికి సంతకం నేర్పించి అడ్మిషన్ ఫారం మీద చేయించిన పిల్ల. రాత్రి కరెంటు వచ్చే వేళలకు మోటారు వేస్తూ చదివిన పిల్లాడు. డొనేషన్ కట్టడానికి నాన్న ఎకరం అమ్మితే ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేని మేనేజ్‌మెంట్ సీటు పిల్లాడు. పురోహితుడైన తండ్రి కరోనా రెండేళ్లూ పని లేక వాచ్‌మన్ డ్యూటీకి పోయాడని రాసిన పిల్లాడు. చదివి వినిపించడం ఇష్టమైనవాళ్లు వినిపిస్తారు, లేనివాళ్లు ఆయనకే ఇస్తారు.

"దానివల్ల ఏమన్నా మారిందా?" అని అడిగాను. "రెండో వారం నుంచి ఎవరిది ఏ కోటా అని అడగడం తగ్గింది. ఎవరి బస్సు ఎన్నింటికి, ఎవరింట్లో రూము ఖాళీ ఉంది అని అడుగుతున్నారు" అన్నాడు. కాసేపాగి, "నిజంగా తగ్గిందో, నాకు వినపడకుండా అంటున్నారో చెప్పలేను గానీ, ఈసారి కూడా రాయిస్తాను" అన్నాడు.